బియ్యమున రాళ్లు, మసిలో తీగెలు



గడచిన మాసమున ఈ పుటకు వచ్చిన ఉత్తరములలో ఒకటి మమ్ము ఊరకుండనీయలేదు. మా ఇబ్రహీంపట్నమునకు చేరువనున్న పల్లె నుండి ఒక తల్లి వ్రాసినది. ఆమె కుమార్తె సాగరు రహదారి ప్రక్కనున్న కళాశాలలలో ఒకదానియందు ఇంజనీరింగు ముగించి, పై చదువునకై నగరమునకు పోయినది. అచట బొగ్గుతో నైన మిక్కిలి సన్నని గొట్టములను విద్యుత్తు చేత బంగారు కొనల నడుమ కూర్చు పని నేర్చుచున్నదట. ఆ పొడి రాతినార వంటిదనియు, రొమ్మునకు చేటు చేయుననియు బంధువులలో నెవరో చెప్పిరి. పిల్లను మానిపించి సంబంధము చూడుడని అత్తగారి పోరు. “పిల్ల ఎన్ని మారులు చెప్పినను ఆ పని యేమో నాకు తెలియరాలేదు. అది దేనికి పనికి వచ్చును? నిజముగ చేటు కలదా?” అని ఆ తల్లి ప్రశ్న.

ప్రశ్నలు రెండు. మొదటిది తెలియనిదే రెండవదానికి సమాధానము కుదురదు గనుక వరుసగా చెప్పెదము. ఇట్టి విషయము గృహిణుల పుటకు తగునా యని మా ఇంటి మాస్టరుగారు సందేహించిరి. కాటుక పట్టుట గృహిణుల పని కాదా యని మేమడిగితిమి. వారు మరల పలుకలేదు.

ఆముదపు దీపముపై ఇత్తడి పళ్లెము బోర్లించి కాటుక పట్టుట మనలో ఎరుగని వారు లేరు. పళ్లెమునకు పట్టిన ఆ మసి కర్బనము. పిల్లల పెన్సిలులోని నల్లని పుల్లలో నున్నదియు కర్బనమే. ఉంగరమునందలి వజ్రమును కర్బనమే. ఒకే బియ్యపు పిండి అట్టుగను, జంతికగను, ఉండ్రముగను మారినట్లు, పరమాణువుల పొందికను బట్టి ఒకే ద్రవ్యము ఇన్ని రూపములు దాల్చును. పెన్సిలు పుల్లలోని కర్బనము రేకులు రేకులుగ దొంతరలై యుండును. కాగితముపై గీసినపుడు ఆ రేకులు జారి అంటుకొనును. అట్టి రేకు ఒక్కదానిని చాప వలె చుట్టినట్లున్నదే కర్బన నానోనాళిక. జపాను దేశమున త్సుకుబా యను నగరమున ఎన్.ఇ.సి. పరిశోధనశాలలో సుమియో ఇయిజిమా యను శాస్త్రజ్ఞుడు 1991లో, రెండు బొగ్గుకడ్డీల నడుమ విద్యుజ్జ్వాలను మండించగా కడ్డీకి పట్టిన నిక్షేపమును ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టములను చూపెను. ఒకే రేకుతో నైన గొట్టము 1993లో దొరకినది.

దాని కొలత చెప్పిన నమ్మశక్యము కాదు. మీటరును నూరుకోట్ల భాగములు చేసిన, అందు ఒక భాగము నానోమీటరు. ఒంటిరేకు నాళిక వ్యాసము సుమారుగ ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. వెంట్రుక మందమున ఇట్టి నాళికలను ప్రక్కప్రక్కన పేర్చిన వేలకు వేలు పట్టునన్నమాట.

చాపను అంచునకు అంచు సరిగా వచ్చునట్లు చుట్టవచ్చును, కొంచెము ఏటవాలుగను చుట్టవచ్చును. చాపకు ఈ భేదము వలన లాభనష్టములు లేవు. కర్బనపు రేకునకు మాత్రము ఈ ఏటవాలే జాతకము. ఒక తీరున చుట్టుకొనిన నాళిక రాగితీగె వలె విద్యుత్తును ధారాళముగ పోనిచ్చును. ఇంకొక తీరున చుట్టుకొనినది అర్ధవాహకమగును. అనగా కొళాయికి మర యున్నట్లు, ప్రవాహమును విడుచుటకును, ఆపుటకును వీలుగ నుండును. ఎంపిక లేక తయారైన నాళికలలో మూడింట ఒక పాలు లోహజాతివి, తక్కిన రెండు పాళ్లు అర్ధవాహకములు.

ఒంటిరేకు నాళికను చేతబట్టి కొలువక మునుపే, 1992లో, గణితముతో ఈ భేదమును చెప్పినవారిలో ఒక స్త్రీ కలరు. ఆమె పేరు మిల్‌డ్రెడ్ డ్రెసెల్‌హాస్. 1930లో అమెరికాలోని న్యూయార్కు నగరమున బీద వలస కుటుంబమున జన్మించి, 1958లో షికాగోలో డాక్టరు పట్టము పొందిరి. నలుగురు బిడ్డల తల్లి. ఆ దినములలో కర్బనముపై పని చేయువారు అరుదు. పోటీ లేని రంగమైన, బిడ్డకు జ్వరము వచ్చి ఒక దినము పరిశోధనశాలకు పోలేకున్నను వేరొకరు ముందుకు పోయి ఫలమును తన్నుకొనిపోరు గదా యని ఆమె ఆ రంగమును ఎన్నుకొనిరి. ఈ మాట ఆమెయే పలుమారులు చెప్పుకొనిరి. కాలక్రమమున ఆ ఎవరును చూడని బొగ్గే లోకమంతయు వెదకు వస్తువైనది. 1985లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసరు అను అత్యున్నత పదవి నందిన మొదటి స్త్రీ ఆమెయే. 2017లో పరమపదించిరి. పై చదువుకును, సంసారమునకును పొత్తు కుదురదని ఉత్తరము వ్రాసిన సోదరి అత్తగారితో ఎవరైన అనియుండిన, ఈ నలుగురు బిడ్డల తల్లి కథను ఆ పెద్దామె చెవిని వేయవలసినదిగా కోరుచున్నాము.

ఇక ఆ పని. పిల్ల ముందు రెండు కొనలుండును. నున్నని సిలికాను పలకపై బంగారమును గాని, పెల్లేడియమును గాని అతి పలుచని పూతగా పరచి, రెండు గీతలుగ దిద్ది, వాని మొనలు ఒకదానికొకటి ఎదురెదురుగ నిలుచునట్లు చేయుదురు. వీనినే ఎలక్ట్రోడులందురు. రెండు మొనల నడుమ ఎడము తరచుగ ఒక మైక్రోమీటరు, అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఆ ఎడమునకు అడ్డముగ నాళిక యొకటి వంతెన వలె పడవలెను. పట్టుకారుతో పెట్టుదమన్న, ఆ పట్టుకారు మొన నాళిక కంటె ఎన్నో వేల రెట్లు లావు. పలకపై చల్లి అదృష్టమును నమ్ముకొందమన్న, కళ్లముపై గింజలు చల్లినట్లు ఎటు పడితే అటు పడును. కావున విద్యుత్తు చేయి కావలసివచ్చినది.

ఆ చేయి ఎట్టిదో మనకు దువ్వెన చెప్పగలదు. పొడి దినమున తల దువ్వుకొని, ఆ ప్లాస్టికు దువ్వెనను చిన్న కాగితపు ముక్కల దగ్గరకు తెచ్చిన, ముక్కలు ఎగిరి అంటుకొనును. దువ్వెనకు విద్యుదావేశము కలిగినది సరి. కాగితమునకు ఏ ఆవేశమును లేదు గదా, అది ఏల వచ్చినది? దువ్వెన దగ్గరకు రాగానే కాగితములోని ఆవేశములు కొంచెము సర్దుకొనును. దువ్వెనకు వ్యతిరేకమైన ఆవేశము దగ్గరి వైపునకును, సమానమైనది దూరపు వైపునకును జరుగును. దగ్గరిది లాగబడును, దూరపుది నెట్టబడును. దగ్గరి లాగుడు దూరపు నెట్టుడు కంటె బలమైనది గనుక, మొత్తమున కాగితము దువ్వెన వైపే పోవును. మన పిల్ల పనిలోని కిటుకంతయు ఇందే యున్నది. ఆవేశము లేని వస్తువును, విద్యుత్ క్షేత్రము ఒకచోట దట్టముగను ఒకచోట పలుచగను ఉండుటను ఆధారము చేసికొని కదల్చుట. హెర్బర్ట్ పోల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1951లో దీనికి డైఎలెక్ట్రోఫోరెసిస్ అని పేరు పెట్టెను. పేరు పలుకుట కష్టమే గాని పని దువ్వెన పనియే.

క్షేత్రము అంతట సమముగ నున్న, లాగుడును నెట్టుడును సరిసమానమై నాళిక తిరుగును గాని ప్రయాణము చేయదు. అందుకే ఎలక్ట్రోడులను సూదిమొనలుగ చెక్కుదురు. ఇబ్రహీం కుతుబ్ షా కాలము నాటిదని చెప్పబడు మా పెద్ద చెరువు నిండినపుడు తూము వద్ద చూచిన వారికి ఇది సులభముగ తెలియును. చెరువంతట నిశ్చలముగ నున్న నీరు, తూము ఇరుకున పడి వడి హెచ్చును. దూరమున తేలు గడ్డిపరకలు సైతము నిలువుగ తిరిగి తూము దారినే పట్టును. అట్లే విద్యుత్ క్షేత్రము రెండు మొనల నడుమ ఇరుకున దట్టమగును. 10 వోల్టులు, అనగా సుమారు ఏడు టార్చిలైటు బ్యాటరీల బలము, ఒక మైక్రోమీటరు ఎడమునకు పెట్టిన, ఆ చోట తీవ్రత మీటరునకు కోటి వోల్టుల లెక్కకు వచ్చును. ఏడు బ్యాటరీలకు ఇంత ప్రతాపము ఎడము చిన్నదగుట వలన వచ్చినది.

అయితే నాళికలు ముందుగ విడివిడిగ నుండవలెను. అవి పుట్టుకతోనే జడలు కట్టుకొనియుండును. కుంకుడు రసముతో జడలు విడదీసినట్లు, సబ్బు వంటి ద్రవ్యము కలిపిన నీటిలో వేసి, చెవికి వినరాని ధ్వనితో అదరగొట్టి విడదీయుదురు. ఆ నీటి చుక్క నొకదానిని ఎలక్ట్రోడులపై నుంచి విద్యుత్తు నిత్తురు. నాళిక మొదట క్షేత్రమునకు అనుకూలముగ తిరిగి నిలుచును. పిదప ఎడము వైపు జరిగి, ఒక కొన ఒక ఎలక్ట్రోడును, ఒక కొన రెండవదానిని తాకునట్లు పడును. కొద్ది నిమిషములలో పని ముగియును. విద్యుత్తు ఆపక మునుపే నీటిని మెల్లగ కడిగివేయువారు పలువురు. ఏలయన ఆరుచున్న నీటి తలము తడిబట్ట ముడుచుకొనినట్లు నాళికను లాగి స్థానభ్రష్టము చేయును.

ఇచ్చు విద్యుత్తు ఒకే దిక్కున పారునది కాదు. మన ఇళ్లకు వచ్చునది సెకనునకు 50 మారులు ముందువెనుకలుగ ఊగును. ఈ పనిలోనిది లక్షల నుండి కోటి మారుల వరకు ఊగును. దిక్కు మారినపుడు లాగుడు తిరుగబడదా యని అడుగవచ్చును. తిరుగబడదు. దువ్వెన ఆవేశము మారిన, కాగితములోని సర్దుబాటును వెంటనే మారును, కావున ఎప్పుడును దగ్గరకే లాగుడు. ఒకే దిక్కున పారు విద్యుత్తైన నీటిని బుడగలుగ విరిచి, ఉప్పుల నటునిటు ఈడ్చి పనిని చెరచును. మిక్కిలి వేగమున ఊగిన, ఆ అల్లరికి వ్యవధి చాలదు.

ఇప్పుడు బియ్యములోని రాళ్ల సంగతి. నాళికలతో ట్రాన్సిస్టరు చేయవలెనన్న అర్ధవాహకములే కావలెను. నూరింటిలో ఒక్కటి లోహజాతిది చేరిన, అది మూయరాని కొళాయి. విద్యుత్తు ఎల్లపుడు దానిగుండ కారిపోవుచు మొత్తము పనిని చెరచును. అన్నములో ఒక రాయి పంటికి తగిలిన విస్తరంతయు రుచి చెడినట్లే. 2003లో జర్మనీ దేశపు కార్ల్‌స్రూ నగరమున రాల్ఫ్ క్రుప్కె మొదలగువారు ఈ విద్యుత్ క్షేత్రమునే చేటగా వాడి చూపిరి. నీరు సైతము విద్యుత్తునకు లోబడి సర్దుకొనునది గనుక, ఇచట నాళికకును నీటికిని పోటీ. నీటిబండి వచ్చినపుడు బిందెలతో తోపులాడు వారిలో బలము గలది కొళాయి దగ్గరకు చేరును, బలము లేనిది వెనుకకు నెట్టబడును. అట్లే సెకనునకు కోటి మారులు ఊగు క్షేత్రమున, నీటి కంటె హెచ్చుగ సర్దుకొను లోహజాతి నాళికలు ఎలక్ట్రోడుల దగ్గరకు వచ్చెను. తక్కువగ సర్దుకొను అర్ధవాహకములు నీటిలోనే నిలిచిపోయెను.

అమృతము పంచునపుడు మోహిని దేవతల నొక పంక్తిని, అసురుల నొక పంక్తిని కూర్చుండబెట్టిన కథ మాకు తలపునకు వచ్చినది. ఆ పంక్తిలో రాహువు దూరినట్లే ఇచటను దూరినవి. ఎలక్ట్రోడులపై చేరిన వానిలో లోహజాతివి నూటికి 80 వరకు మాత్రమే. మూడింట ఒక పాలున్నవి 80 అగుట గొప్పయే గాని, బియ్యమైన ఆ లెక్కను ఎవరమును ఒప్పుకొనము.

మరియొక చిక్కు. మనకు కావలసినవి అర్ధవాహకములు, క్షేత్రము ప్రీతితో తెచ్చునవి లోహజాతివి. చేట గింజను విసరివేసి రాతిని ఉంచుకొనినట్లయినది. అందుచేత పిమ్మటివారు ముందుగ వేరు ఉపాయములతో నాళికలను జాతులుగ విడదీసి, శుద్ధమైన అర్ధవాహకములనే చుక్కలో వేసి, క్షేత్రపు ఊపును తగ్గించి కూర్చుచున్నారు. ఊపు తగ్గినపుడు నాళిక చుట్టునున్న సబ్బు పొర సాయము చేసి, అర్ధవాహకములను సైతము ఎడము దగ్గరకు తెచ్చును. విడదీయు ఉపాయములలో 2006లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయమున మార్క్ హెర్సమ్ బృందము చూపినది మాకు మిక్కిలి నచ్చినది. చిక్కదనము క్రమముగ మారు ద్రవమున నాళికలను వేసి మహావేగమున త్రిప్పగా, సాంద్రతను బట్టి ఒక్కొక్క జాతి ఒక్కొక్క మట్టమున తేలి నిలుచును. కవ్వము త్రిప్పి వెన్న తీయు చేతులకు దీనిని వివరింప పనిలేదు.

క్షేత్రమునకు ఒక సుగుణము కలదు. దానిని చెప్పక విడువరాదు. ఒక నాళిక రెండు మొనలను కలిపి పడగానే, అచటి క్షేత్రపు దట్టము తగ్గిపోవును. రెండవ నాళికకు అచట ఆకర్షణ యుండదు. పీట నిండినది, తరువాతివారు వేరు పీట చూచుకొందురు. 2007లో కార్ల్‌స్రూ బృందమే, అరవింద్ విజయరాఘవన్ ముందుండగా, ఈ గుణము ఆధారముగ చదరపు సెంటీమీటరునకు లక్షలాది ఎడములపై, ఒక్కొక్క ఎడమునకు ఒక్కొక్క నాళిక చొప్పున పెట్టు ఏర్పాటును ప్రకటించినది. ఎవరును లెక్కించి వడ్డింపకయే ప్రతి విస్తరికి ఒక్కొక్క బూరె పడినట్లు.

ఇది దేనికి పనికివచ్చునని ఆ తల్లి అడిగినది గదా. కంప్యూటరు చేయుదురని పత్రికలు వ్రాయును, చేసిరి కూడ. 2013లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున 178 ట్రాన్సిస్టరులతో నాళికల కంప్యూటరు నొకదానిని నడిపిరి. 2019లో మసాచుసెట్స్ విద్యాలయమున 14,000కు పైగా ట్రాన్సిస్టరులతో ఒక చిప్పును చేసి, దానిచేత లోకమునకు నమస్కారము చెప్పించిరి. నూటికి 99.99 పాళ్లు శుద్ధి గల నాళికలతోనే, మిగిలిన రాళ్లు పంటికి తగులని రీతిగ వలయములను పొందుపరచుట అందలి నేర్పు. అయితే అందు నాళికలను పరచినది విద్యుత్ క్షేత్రము కాదు. పలకను నాళికలున్న ద్రవమున ముంచి తీసిరి. క్షేత్రముతో కూర్చుట వలన పెద్ద కంప్యూటరులు వచ్చునని మేము నమ్ముట లేదు. దాని చోటు వేరు.

ఆ చోటు ముక్కు. ఒంటిరేకు నాళికలో ప్రతి పరమాణువును పైతలముననే యున్నది, లోపల దాగినది లేదు. కావున గాలిలోని వాయుకణము వచ్చి తాకిన, విద్యుత్తు పారుదల మారును. 2000 సంవత్సరమున స్టాన్‌ఫర్డునందు హాంగ్‌జీ డాయ్ బృందము, ఒక అర్ధవాహక నాళిక నత్రజని డయాక్సైడు వాయువును, అమ్మోనియాను పసిగట్టునని చూపినది. వేడి చేయ పనిలేదు, సాధారణ ఉష్ణమున చాలును. ఇట్టి ముక్కునకు లక్షల నాళికలు పనిలేదు. కొద్దిపాటి ఎలక్ట్రోడుల నడుమ కొన్ని నాళికలు సరిగ పడిన చాలును. అందుకే దువ్వెన ఉపాయము ఇచట బాగుగ అమరును.

2020 మే 7వ తేదీన తెల్లవారకమునుపే విశాఖపట్నమున ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద కర్మాగారము నుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలో నున్న వారిని ముంచినది. 12 మంది మరణించిరి. నేడు పిల్ల నేర్చుచున్న సాధనము ఆ ఆవిరిని పట్టియుండెడిదని మేము చెప్పుట లేదు. ప్రతి వాయువునకు నాళికపై వేర్వేరు పూతలు పూసి పరీక్షింపవలసియుండును. నిద్రించు ఊరిలో నిద్రింపని ముక్కు అవసరమని మాత్రము ఆ తెల్లవారుజాము చూపినది. మన వైపువారు ఇట్టి పనిలో లేకపోలేదు. కొల్లాపురమున జన్మించిన వి. రామ్‌గోపాలరావుగారు ముంబయి ఐ.ఐ.టి.లో ప్రేలుడు పదార్థముల జాడ పట్టు సూక్ష్మసాధనములపై పని చేసి, 2005లో భట్నాగర్ పురస్కారమును, 2013లో ఇన్ఫోసిస్ పురస్కారమును అందిరి. కర్బన పదార్థములకై ప్రత్యేకముగ ఒక శాఖ గల ఏ.ఆర్.సి.ఐ. యను పరిశోధనా కేంద్రము మా జిల్లాలోనే, బాలాపూరున కలదు. 2006 ప్రాంతమున మహేశ్వరము వైపు ఫ్యాబ్ సిటీ యని పేరు పెట్టి సిలికాను చిప్పుల కర్మాగారము వచ్చునని చెప్పిన మాట నెరవేరలేదు. పేరు వచ్చినది, కర్మాగారము రాలేదు. కర్మాగారము రాకున్నను చదువుకొనిన చేతులు వృథా కావని మా తలంపు.

ఇక రెండవ ప్రశ్న. ఉత్తరమంతటను బరువైనది అదియే.

బంధువులు చెప్పినది అసత్యము కాదు, పూర్తి సత్యమును కాదు. రాతినార యన మనలో పలువురి ఇళ్లపై సిమెంటు రేకులలో కలుపబడినదే. కడప మండలమున పులివెందుల ప్రాంతమున దానిని త్రవ్వి తీసిరి. దాని పోగులు సన్ననివి, పొడవైనవి, బిరుసైనవి. ఊపిరితిత్తులలో చేరిన దుమ్మును మ్రింగి శుభ్రపరచు కణములు మనకు కలవు. అవి తమ కంటె పొడవైన పోగును మ్రింగలేక, విడువలేక, అచటనే తాపమును కలిగించుచుండును. ఏండ్లు గడచిన పిమ్మట అది కర్కటవ్రణమగు ప్రమాదము కలదు. 2008లో ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు పలు రేకులు గల కర్బన నాళికలను ఎలుకల ఉదరకుహరమున ప్రవేశపెట్టి చూడగా, పొడవైన బిరుసు నాళికలు రాతినార వలెనే తాపమును, గడ్డలను కలిగించినవి. పొట్టివి, ఉండలుగ చిక్కుపడినవి అట్లు చేయలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కర్కటవ్రణ పరిశోధనా సంస్థ 2014లో ఈ విషయమును విచారించి, పలు రేకుల నాళికలలో ఎమ్.డబ్ల్యు.సి.ఎన్.టి.-7 అను ఒక రకమును మనుష్యులకు కర్కటవ్రణకారి కావచ్చునను వర్గమున చేర్చినది. ఒంటిరేకు నాళికలతో సహా తక్కిన వానిని గూర్చి తీర్పు చెప్పుటకు ఆధారములు చాలవన్నది. అమెరికా ప్రభుత్వపు వృత్తి ఆరోగ్య సంస్థ 2013లో, పనిచోట ఘనపు మీటరు గాలిలో ఎనిమిది గంటల సగటున ఒక మైక్రోగ్రామునకు మించరాదని సూచించినది. గ్రామును పదిలక్షల భాగములు చేసిన ఒక భాగమది. అంత కఠినమైన హద్దు ఊరక పెట్టలేదు.

కావున భయపడవలసినది నీటి చుక్కకు కాదు, పొడికి. ఎలక్ట్రోడులపై నుంచు చుక్కలో నాళికలు మైక్రోగ్రామునకు మిక్కిలి లోపే యుండును, అవియు నీటిలో మునిగి గాలికెక్కవు. సీసా మూత తీసి ఎండుపొడిని తూచునపుడును, ఒలికిన పొడి ఆరిపోయినపుడును, ధ్వనితో అదరగొట్టునపుడు తుంపర లేచిన వేళను జాగ్రత్త కావలెను. ఆ తల్లి తన కుమార్తెను చదువు మానుమని కాక, ఈ ప్రశ్నలను అడుగవలెనని మా కోరిక. పొడిని తూచుట గాలిని లోనికి లాగు అద్దపు అరలో జరుగుచున్నదా, బల్లపైననా? ముఖమునకు కట్టునది పలుచని బట్టయా, సన్నని దుమ్మును ఆపు ముసుగా? చేతికి తొడుగులు కలవా? బల్లను తడిబట్టతో తుడుచుచున్నారా, చీపురుతో ఊడ్చుచున్నారా? ఊడ్చిన అణగియున్న దుమ్ము లేచును. ఈ సంగతి మన చేతులకు తెలిసినంత పెద్ద చదువుల వారికి ఒక్కొక్కప్పుడు తెలియదు.

అన్నిటికంటె ముఖ్యమైనది అంగీ. 1965లో లండను నగరమున న్యూహౌసు, థాంప్సను అను ఇద్దరు పరిశోధకులు, రాతినార వలన వచ్చు ఛాతీపొర, ఉదరపుపొర కర్కటవ్రణములను విచారించి, రోగులలో కర్మాగారమున అడుగిడని వారు సైతము కలరని ప్రకటించిరి. వారిలో పలువురు భార్యలు. భర్తల పనిబట్టలను ఇంటివద్ద దులిపి ఉతికిన స్త్రీలు. ఆ వ్యాధి బయటపడుటకు ముప్పది, నలుబది సంవత్సరములు పట్టుట కలదు. అందుచేత ఉతికిన నాడు వారికి ఏమియు తెలియలేదు. రాతినార వలన జరిగినది నాళికల వలనను జరుగునని ఎవరును రుజువు చేయలేదు. అయినను అప్పుడు ఎవరును అడుగకపోవుట వలననే అంత జరిగినది.

ఆ పిల్ల సెలవులకు ఇంటికి వచ్చునపుడు పరిశోధనశాల తెల్లని అంగీని సంచిలో పెట్టుకొని తేకుండ చూడవలెను. దానిని అచటనే విడిచి, అచటనే ఉతికించు ఏర్పాటు చేయుమని ఆచార్యులను పిల్లయే అడుగవచ్చును, తల్లియైనను అడుగవచ్చును. ఒకవేళ ఇదివరకే ఇంటికి తెచ్చియున్న, దులుపక, పసిబిడ్డల బట్టలతో కలుపక, మొదట నీటిలో ముంచి తడిపి, విడిగ ఉతికి, ఆ నీటిని పొడి నేలపై పారబోయక కాలువలోనికి విడువవలెను. పిల్ల ఇంటికి చేరగానే జడ విప్పి తలంటు పోసికొనుట మంచిది, కుంకుడుకాయలు మన ఇంట నుండనే యున్నవి.

వచ్చు మాసమున చలికాలపు పచ్చళ్ల గూర్చి వ్రాయవలసినదిగ నలుగురు సోదరీమణులు కోరియున్నారు. జాడీల మూతలకు చుట్టు బట్టల సంగతియు అందు చేర్చెదము.